నూనె నీళ్లలో కలవక ముందే: క్యాంటీన్ల కడుగు నీళ్ల గురించి

(మహిళా శక్తి క్యాంటీన్లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు నడిపే సంఘం సభ్యుల శిక్షణలో చెప్పిన మాటల పాఠం. ఫోన్‌లో చదువుకోవడానికి, తోటి సభ్యులకు పంపుకోవడానికి వీలుగా.)



లోను ఎట్లా వస్తుంది, కిస్తీ ఎన్ని నెలలు కట్టాలి, లెక్కల పుస్తకం ఎట్లా రాయాలి అనేది మీకు ఏపీఎంలు, సీసీలు ఇప్పటికే చెప్పారు. నా వంతు గిన్నెలు కడిగే చోటు. ఇందిరా మహిళా శక్తి కింద క్యాంటీన్ పెట్టుకున్నవారైనా, సంఘం లోనుతో టిఫిన్ సెంటరో కర్రీ పాయింటో నడుపుకుంటున్నవారైనా, రోజూ మీ సింకులోంచి జిడ్డు నీళ్లు పోతూనే ఉంటాయి. వాటిని ఏం చేయాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ఇది చిన్న విషయమే కదా అనిపిస్తుంది. కానీ మోరీ నిండి నీళ్లు రోడ్డు మీదికి వస్తే ముందు గొడవకు వచ్చేది పక్కింటివాళ్లు. ఆ తర్వాత పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో నోటీసు వస్తుంది. వాసనకు గిరాకీ తగ్గుతుంది. కిస్తీ మాత్రం ఆ నెల కూడా కట్టాల్సిందే. అందుకే ఈ ముచ్చట.

చెప్పేదంతా ఒక్క మాటలో ముందే చెప్పేస్తాను. నూనెను నీళ్లలో కలవక ముందే ఆపడం తేలిక. కలిసిన తర్వాత తీయడం కష్టం, ఖర్చు.

రెండు సీసాలు

ఇది మీ ఇంట్లో కూడా చేసి చూడవచ్చు. రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి, ఒక్కో చెంచా నూనె వేయండి. రెండో సీసాలో నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు కూడా వేయండి. రెండూ బాగా ఊపి పక్కన పెట్టండి.

మొదటి సీసాలో కాసేపటికే నూనె పైకి తేలి పొరలా నిలుస్తుంది. చెంచాతో తీసేయవచ్చు. రెండో సీసాలో నీళ్లు పాలలా తెల్లగా ఉండిపోతాయి. నూనె ఎక్కడికీ పోలేదు. సబ్బు దాన్ని కంటికి కనిపించనంత చిన్న చుక్కలుగా విరగ్గొట్టి, ఆ చుక్కలు మళ్లీ కలవకుండా చేసింది.

చుక్క ఎంత చిన్నదైతే అంత నెమ్మదిగా తేలుతుంది. చుక్క సైజు సగమైతే పైకి వచ్చే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పదో వంతైతే వేగం వందో వంతు. అంటే నిమిషంలో తేలాల్సింది గంటన్నర దాటినా తేలదు. మోరీలో నీళ్లు అంతసేపు ఆగవు కదా.

వేడి నీళ్లు కూడా ఇట్లాంటి పనే చేస్తాయి. డాల్డా, పామాయిల్, నెయ్యి, మాంసం కొవ్వు వేడికి కరిగి పైపులోంచి సాఫీగా పోతాయి. పది అడుగుల అవతల చల్లబడి అక్కడే గడ్డకడతాయి. మీ సింకు బాగానే ఉంటుంది, మోరీ మూసుకుపోతుంది.

ఒక్క లీటరు ఎంత దూరం పోతుంది

శుద్ధి చేసిన మురుగునీటిని చెరువులోకో వాగులోకో వదలాలంటే లీటరు నీటిలో నూనె, జిడ్డు కలిపి 10 మిల్లీగ్రాములకు మించకూడదని పర్యావరణ నిబంధనల్లో ఉంది. పట్నంలో డ్రైనేజీ లైనులోకి వదిలేదానికి 20 మిల్లీగ్రాములు.

లెక్క వేద్దాం. ఒక లీటరు వంట నూనె బరువు సుమారు 910 గ్రాములు. లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున పంచితే అది 91,000 లీటర్ల నీళ్లకు సరిపోతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు 18 అన్నమాట. మీరు ఒక్క లీటరు కాగిన నూనె మోరీలో పారబోస్తే, 18 ట్యాంకర్ల మంచినీళ్లను ఆ హద్దు దాకా తీసుకుపోయినట్టే.

ఇంకొకటి. నీళ్లలోని సూక్ష్మజీవులు ఒక గ్రాము నూనెను పూర్తిగా అరిగించుకోవాలంటే దాదాపు మూడు గ్రాముల ఆక్సిజన్ వాడుకుంటాయి. ఆ ఆక్సిజన్ చేపలకు కావాల్సిందే. పైగా నూనె పొర నీటి మీద పరుచుకుంటే గాలి లోపలికి దిగదు. మన మోరీ చివర ఉండేది చాలా ఊళ్లలో చెరువే. చేపలు పట్టేవాళ్లకు, బర్రెలకు, బట్టలు ఉతికేవాళ్లకు అదే నీరు. బతుకమ్మను సాగనంపేదీ అందులోనే.

మోరీలో, గుంతలో జరిగేది

మోరీలో నూనె ఊరికే అంటుకుని ఉండదు. బోరు నీళ్లలో, సిమెంటులో సున్నం ఉంటుంది. నూనె కుళ్లి, ఆ సున్నంతో కలిసి గట్టి సబ్బుగడ్డలా మారుతుంది. కర్రతో పొడిచినా రాదు. 2017లో లండన్ నగరంలోని వైట్‌చాపెల్ ప్రాంతంలో భూగర్భ డ్రైనేజీలో ఇట్లాంటి గడ్డ దొరికింది. పొడవు 250 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు. ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి పోయిన నూనె, దాంట్లో పారేసిన గుడ్డలు కలిసి అంత అయింది.

ఇంకుడు గుంతలో కథ వేరు. గుంత పనిచేసేది మట్టి రంధ్రాల వల్ల. జిడ్డు ఆ రంధ్రాలను పూత పూసినట్టు మూసేస్తుంది. ఏళ్లు పనిచేయాల్సిన గుంత త్వరగానే ఇంకడం మానేస్తుంది. నీళ్లు పైన నిలిచి దోమలు, వాసన. అప్పుడు చాలామంది గుంతనే తిడతారు. తప్పు గుంతది కాదు, అందులోకి పోయిన నూనెది.

మూసుకుపోయిన మ్యాన్‌హోల్ దగ్గర అసలు ప్రమాదం ఉంటుంది. లోపల విషవాయువు నిలిచి ఉంటుంది. దిగిన మనిషి ఒకటి రెండు శ్వాసలకే పడిపోవచ్చు. కాపాడబోయి దిగినవారూ పోయిన ఘటనలు దేశంలో ఎన్నో. రక్షణ లేకుండా మనుషుల్ని డ్రైనేజీలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. దింపినవారికి జైలు శిక్ష ఉంది. ఇట్లా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన సింకులోంచి పోయిన నూనెను తీయడానికి ఎవరి ఇంటి బిడ్డో లోపలికి దిగే పరిస్థితి రాకూడదు.

మొదటి పని: కడగక ముందు తుడవండి

దీనికి పైసా ఖర్చు లేదు. అన్నిటికంటే ఎక్కువ నూనె ఆగేది ఇక్కడే.

- ప్లేట్లలో మిగిలింది ముందు తడి చెత్త బుట్టలో దులపండి.
- కడాయి, పెనం, కూర గిన్నెలను పాత పేపరుతోనో, రంపపు పొట్టుతోనో, బూడిదతోనో తుడిచి తర్వాతే నీళ్లు పెట్టండి. మన అమ్మమ్మలు బూడిద, పొట్టు వేసి తోమింది ఊరికే కాదు, అవి జిడ్డును పీల్చుకుంటాయి.
- సింకు రంధ్రం మీద స్టీలు జాలి పెట్టండి. మెతుకులు, కరివేపాకు, ఉల్లిపొట్టు అక్కడే ఆగాలి.
- సబ్బు తగ్గించండి. తుడిచిన గిన్నెకు సగం సబ్బు చాలు. సబ్బు తగ్గితే నూనె తేలడం పెరుగుతుంది.
- గంజి, బియ్యం కడుగు నీళ్లు సింకులో పోయకండి. అవి కుడితికి పనికొస్తాయి. పశువులున్న ఇంటివారికి చెబితే బిందె తెచ్చుకుని తీసుకుపోతారు.

కాగిన నూనె మోరీకి కాదు

బజ్జీలు, పూరీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచితే అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. వాటిని కొలిచే లెక్క ఒకటుంది, టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. ఇది 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. నూనె నల్లబడటం, చిక్కబడటం, నురగ రావడం, మంట తక్కువున్నా పొగ రావడం కనిపిస్తే ఇక దాన్ని పక్కన పెట్టండి.

పక్కన పెట్టిన నూనెకు కూడా దారి ఉంది. అదే సంస్థ 2018లో రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వాడిన వంట నూనెను సేకరించి బయోడీజిల్ చేయించడం దాని ఉద్దేశం. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వేపుళ్లకు వాడే హోటళ్లు లెక్క రాసి, గుర్తింపు ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. మీ క్యాంటీన్‌లో అంత వాడకపోవచ్చు. అయినా నాలుగైదు క్యాంటీన్లు కలిసి ఒకచోట పోగేస్తే సేకరించేవాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ. మండల సమాఖ్య ద్వారా అడిగితే ఇంకా మేలు.

నూనె చల్లారాక వడకట్టి, మూత గట్టిగా ఉండే క్యానులో పోయండి. క్యాను మీద "వాడిన నూనె, వంటకు కాదు" అని పెద్దగా రాయండి. తీసుకునేవారి దగ్గర గుర్తింపు పత్రం అడగండి, రసీదు తీసుకోండి. చవగ్గా వస్తుందని ఎవరో వచ్చి కొంటే, అది మళ్లీ ఏ బండి మీది కడాయిలోకో పోవచ్చు. తినేది మన పిల్లలే.

జిడ్డు తొట్టి: ఎట్లా కట్టించాలి

తుడిచినా కొంత జిడ్డు నీళ్లలో పోతుంది. దాన్ని పట్టేదే జిడ్డు తొట్టి. ప్లంబర్లు గ్రీజ్ ట్రాప్ అంటారు. హైదరాబాద్‌లో జలమండలి హోటళ్లను కట్టుకోమని చెప్పే సిల్ట్ ఛాంబర్ కూడా ఇట్లాంటి పని చేసేదే. ఇందులో మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్లను కాసేపు నిలబెట్టి చల్లారనిస్తుంది. నూనె పైకి తేలుతుంది, మడ్డి అడుక్కి దిగుతుంది, మధ్యలోని నీళ్లు మాత్రం బయటికి పోతాయి.

సైజు ఎంత? రద్దీ సమయంలో నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నాయో చూడండి. నల్లా కింద బకెట్ పెట్టి గడియారం చూస్తే తెలుస్తుంది. రెండు నల్లాలు నిమిషానికి పదేసి లీటర్లు అనుకుంటే 20 లీటర్లు. నీళ్లు తొట్టిలో 30 నిమిషాలు ఆగాలంటే 20ని 30తో గుణించండి, 600 లీటర్లు. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, నీళ్ల లోతు పావు తక్కువ మూడు అడుగులు ఉంటే సుమారు 620 లీటర్లు పడతాయి. దాని మీద మరో అడుగు ఖాళీ వదలాలి.

మేస్త్రీకి ఈ ఆరు మాటలు చెప్పండి.

1. మధ్యలో అడ్డుగోడ కట్టాలి. మొదటి గది పెద్దది, రెండోది చిన్నది.
2. అడ్డుగోడలో నీళ్లు పోయే దారి అడుగు నుంచి ఒక అడుగు ఎత్తులో ఉండాలి. పైన ఉంటే నూనె దాటుతుంది, మరీ అడుగున ఉంటే మడ్డి దాటుతుంది.
3. బయటికి పోయే చోట టీ పైపు పెట్టి, దాని కింది కొస నీళ్లలో లోతుగా ముంచాలి. తొట్టి అంతటిలో ముఖ్యమైనది ఈ పైపే. ఇది లేకపోతే తేలిన నూనె నేరుగా మోరీలోకి పోతుంది.
4. లోపల ప్లాస్టరింగ్ గట్టిగా ఉండాలి, నీళ్లు కారకూడదు.
5. మూత ఇద్దరు ఎత్తగలిగేలా ఉండాలి. పిల్లలు ఆడుకుంటూ తెరవలేనంత బరువుండాలి.
6. లెట్రిన్ నీళ్లు, వాన నీళ్లు ఇందులోకి రాకూడదు. గిన్నెల నీళ్లు మాత్రమే.

చిన్న కర్రీ పాయింట్‌కు సింకు కింద పట్టే రెడీమేడ్ డబ్బాలు దొరుకుతాయి. చిన్నవి కాబట్టి వాటిని ఇంకా తరచుగా శుభ్రం చేయాలి.

తొట్టి కట్టాక వదిలేస్తే కట్టనట్టే

నిండిన తొట్టి లోంచి నూనె అట్లాగే దాటిపోతుంది. వారానికి ఒకసారి, పొద్దున్నే నల్లా తిప్పక ముందు మూత తీయండి. రాత్రంతా చల్లారి ఉంటుంది కాబట్టి తెట్టు గట్టిపడి గంటెకు సులువుగా వస్తుంది. మూత తీసి కాసేపు గాలికి వదలండి, తల లోపలికి వంచకండి. చేతికి గ్లవుజులు వేసుకోండి. ఎంత చిన్న తొట్టి అయినా ఎవరూ లోపలికి దిగకూడదు.

మొత్తం ఎప్పుడు తోడాలో ఒక కర్ర చెబుతుంది. కర్ర ముంచి పైన నూనె మందం, అడుగున మడ్డి మందం చూడండి. రెండూ కలిపి లోతులో పావు వంతు అయితే, అంటే మనం చెప్పుకున్న తొట్టిలో ఎనిమిది అంగుళాలైతే, తోడించాలి. తేదీ గోడ మీద రాయండి. నెల తిరిగేసరికి మీ క్యాంటీన్ ఎన్ని రోజులకు నిండుతుందో మీకే తెలుస్తుంది.

తీసిన తెట్టును ఊకతోనో రంపపు పొట్టుతోనో కలిపి ముద్ద చేసి చెత్త బండికి విడిగా ఇవ్వండి. మళ్లీ మోరీలో వేస్తే చేసిన పనంతా దండగ.

తొట్టి దాటిన నీళ్లు

తొట్టి నూనెను తగ్గిస్తుంది కానీ నీళ్లను శుభ్రం చేయదు. సబ్బు, ఉప్పు, కరిగిన తిండి అందులో ఉంటాయి.

పట్నంలో డ్రైనేజీ లైను ఉంటే దానికే కలపాలి. ఆ నీళ్లు శుద్ధి కేంద్రానికి పోతాయి. అంబర్‌పేటలో మూసీ పక్కన ఉన్నది అట్లాంటిదే, రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం. శుద్ధి కేంద్రంలో ముందు జాలీలతో చెత్త తీస్తారు, ఇసుక దించుతారు, తేలే జిడ్డు గీకుతారు. తర్వాత గాలి ఊది సూక్ష్మజీవులతో మురికిని తినిపిస్తారు. నూనె ఎక్కువైతే ఆ జీవులకు పొరలా అంటుకుని గాలి అందనివ్వదు. సబ్బుతో కలిసిన నూనె తీయాలంటే పటిక లాంటి మందులు వేసి గడ్డ కట్టించాలి, సన్నటి గాలి బుడగలతో పైకి లేపాలి. ఫ్యాక్టరీలు చేసేది అదే. ఒక గుడ్డముక్కతో మీరు కడాయి తుడిచేటప్పుడు ఆ ఖర్చే తప్పిస్తున్నారు.

ఊళ్లో అయితే నీళ్లు ఇంకుడు గుంతకో, ఊరి చివరి మురుగు కుంటకో పోతాయి. ఇంటికి కట్టే గుంత సుమారు మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉంటుంది. క్యాంటీన్ నీళ్లకు అది చాలదు. మట్టి ఎట్లా ఇంకుతుందో చూసి ఇంజినీరుతో సైజు వేయించుకోండి. తాగునీటి బోరుకు, బావికి కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. స్థలముంటే తొట్టి నీళ్లను అరటికి, మెట్టతామరకు పెట్టవచ్చు. కొత్తిమీర, టమాటా లాంటి పచ్చిగా తినేవాటికి వద్దు.

బండి నూనె సంగతి వేరు

మన సంఘాలు ఇప్పుడు పెట్రోలు బంకులు కూడా నడుపుతున్నాయి, నారాయణపేటలో ఉన్నట్టు. ఇంజిన్ ఆయిల్, డీజిల్ కారిన నీళ్లను వంటింటి తొట్టిలో కలపకూడదు, ఇంకుడు గుంతకు అసలే పంపకూడదు. వాడిన ఇంజిన్ ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానికి విడి తొట్టి, విడి డ్రమ్ము ఉండాలి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. నేల మీద కారితే నీళ్లు కొట్టకుండా ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తండి.

డబ్బు ఎక్కడి నుంచి

క్యాంటీన్ తొట్టి మీ వ్యాపారంలో భాగం. లోను అంచనా రాసేటప్పుడే పొయ్యి, గ్రైండర్, బోళ్లతో పాటు దీన్నీ రాయించండి. తర్వాత తవ్వి కట్టడానికి ఎక్కువ అవుతుంది.

ఊరి మురుగునీటి పని వేరు. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో 5,000 వరకు జనాభా ఉన్న ఊరికి మనిషికి 280 రూపాయల దాకా, అంతకు మించితే 660 రూపాయల దాకా మురుగునీటి పనులకు రాశారు. అందులో 30 శాతం పంచాయతీ తన 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టాలని రాశారు. 2,000 మంది ఉన్న ఊరికి లెక్క 5 లక్షల 60 వేల దాకా వస్తుంది. మీ ఊళ్లో ఆ పని అయిందా, ఇప్పుడు ఏ నిధి ఉంది అని గ్రామసభలో కార్యదర్శిని అడగండి. అడిగింది తీర్మానంలో రాయించండి.

ఎక్కువగా వచ్చే ప్రశ్నలు

"యాసిడ్ పోస్తే పైపు సాఫ్ అవుతుంది కదా?" వద్దు. పైపు, సిమెంటు తినేస్తుంది, మీ కళ్లకూ ఊపిరికీ ప్రమాదం. జిడ్డు కొంచెం జరిగి ముందుకు పోతుందంతే.

"మరుగుతున్న నీళ్లు పోస్తే?" ఇందాక చెప్పుకున్నదే. కరిగి అవతల గడ్డకడుతుంది. పైగా తొట్టిలో పట్టుకున్న నూనె కూడా దాటిపోతుంది.

"మోరీ ఇప్పటికే మూసుకుపోయింది, ఏం చేయాలి?" మనిషిని దింపకండి. మున్సిపాలిటీకి చెప్పి మిషన్ పిలిపించండి. డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు పనులకు 14420 హెల్ప్‌లైన్ నంబరు ఉంది.

"మా పక్క హోటల్ తొట్టి కట్టలేదు, మేమే ఎందుకు కట్టాలి?" మోరీ ఇద్దరిదీ ఒకటే కావచ్చు. కానీ తనిఖీకి వచ్చినవారికి మూత తీసి చూపించగలిగితే మీ మాట నిలుస్తుంది. పక్కవాళ్లకూ చెప్పడానికి నోరు వస్తుంది.

రేపటి నుంచి

రేపు పొద్దున ఒక్క పనితో మొదలుపెట్టండి. సింకు పక్కన ఒక డబ్బాలో పాత పేపర్లు, ఒక డబ్బాలో రంపపు పొట్టు పెట్టండి. తుడవని గిన్నె సింకులోకి పోకూడదని పనిచేసేవాళ్లందరికీ చెప్పండి. వారంలో కాగిన నూనె క్యాను తెచ్చుకోండి. నెలలో మేస్త్రీని పిలిచి తొట్టి కొలతలు వేయించండి. వచ్చే గ్రామ సంఘం సమావేశంలో ఎవరి క్యాంటీన్‌లో ఎంత వరకు వచ్చిందో ఒకరికొకరు చెప్పుకోండి.